సీరియల్‌కి రాయాలా, కథలు రాయాలా, బడిలో చేరాలా?

నెలకి ఒకరిద్దరైనా ఫోన్ చేసి అడుగుతుంటారు. డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉన్నవాళ్ళు, బీటెక్ చేసినా మనసు అటు లేనివాళ్ళు, పిల్లలు బడికెళ్ళే వయసొచ్చాక మళ్ళీ పెన్ను పట్టినవాళ్ళు. "సార్, నాకు రాయడం వచ్చు. దాంతోనే బతకాలని ఉంది. టీవీకి వెళ్ళమంటారా, కథలు రాసుకోమంటారా, బీఈడీ చెయ్యమంటారా?"

మూడూ చేశాను కాబట్టి నన్ను అడుగుతారు. పాతికేళ్ళుగా కథలు రాస్తున్నాను. 2007 నుంచి నాలుగేళ్ళు హైదరాబాద్‌లో డైలీ సీరియళ్ళకి మాటలు రాశాను. ఉమ్మడి రాష్ట్రంలో జరిగిన 2012 డీఎస్సీలో, అంటే ప్రభుత్వ టీచర్ల భర్తీ పరీక్షలో, ఉద్యోగం వచ్చి, అప్పట్నుంచీ జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెబుతున్నాను.

జవాబు ముందే చెప్పేస్తాను. బీఈడీ పూర్తి చేసి, టెట్ (టీచర్ అర్హత పరీక్ష) పాసై, ఆ రెండు కాగితాలూ బీరువాలో పెట్టుకుని అప్పుడు సీరియల్‌కి వెళ్ళండి. కథ మాత్రం ఏ ఏడాదీ ఆపొద్దు, కథ డబ్బుల్తో బియ్యం కొనాలనీ చూడొద్దు. ఈ వరస ఎందుకో చెప్పాలంటే మూడు పనుల లోపలికీ వెళ్ళాలి.

ఒకే ఉంగరం, మూడు చోట్ల

పెళ్ళింట్లో ఉంగరం పోయింది. కొత్త కోడలి మీద అనుమానం. ఈ చిన్న సంగతి నా చేతిలో మూడు రకాలుగా తిరిగింది.

సీరియల్‌లో సీన్ పేపర్‌ని నిలువుగా రెండుగా మడుస్తాం. ఎడమవైపు ఏం జరుగుతోందో, కుడివైపు ఎవరేమంటున్నారో. ఎడమవైపు నేను రాసింది: అత్త బీరువా తెరుస్తుంది, ఉంగరం పెట్టె ఖాళీ, వెనక్కి తిరుగుతుంది, కోడలు, ఆడపడుచు, తోడికోడలు, ముగ్గురి మొహాలూ విడివిడిగా. కుడివైపు ఒకే మాట: "ఈ ఇంట్లో ముప్పై ఏళ్ళుగా బీరువాకి తాళం వెయ్యాల్సిన అవసరం రాలేదమ్మా." అక్కడ ఫ్రీజ్, అంటే బొమ్మ ఆగిపోయి ఆ రోజు ఎపిసోడ్ అయిపోతుంది. వంటింట్లో పోపు వేసుకుంటూ చెవి మాత్రం హాల్లో పెట్టినావిడకి కూడా ఆ మాటతో కథంతా తెలియాలి. 'నువ్వే తీశావు' అని అత్త చేత అనిపిస్తే రేపటికి మిగిలేదేమీ లేదు. అసలేమీ అనిపించకపోతే వంటింట్లో ఉన్నావిడకి అర్థం కాదు. ఆ రెండింటి మధ్య ఉన్న సందులోనే మాటల రచయిత జీతం ఉంది. ఇక ఆ ఉంగరం ఎప్పుడు దొరుకుతుందన్నది నా చేతిలో లేదు. గురువారం వచ్చే రేటింగ్ బాగుంటే రెండు వారాలు పోయే ఉంటుంది. అంకె పడిపోతే సోమవారానికల్లా దేవుడి గూట్లో దొరుకుతుంది.

కొన్నేళ్ళ తర్వాత అదే ఉంగరం మీద కథ రాశాను. ముప్పై ఏళ్ళు గడిచాయి, ఆ కోడలే ఇప్పుడు అత్త. తన కోడలికి బీరువా తాళాలు ఇవ్వబోతూ ఒక్క క్షణం చెయ్యి ఆగింది. కథంతా ఆ ఆగడం గురించే. ఉంగరం ఎవరు తీశారో అందులో లేదు. తొమ్మిది పేజీలకి అయిదు నెలలు పట్టింది. సీరియల్‌లో ఆ అయిదు నెలల్లో నూరు ఎపిసోడ్లు పైగా రాసేవాణ్ణి.

మూడోసారి, తొమ్మిదో తరగతిలో. కథ ఎలా మొదలుపెట్టాలో చెబుతూ ఈ ఉంగరం సంగతి చెప్పి, 'తర్వాత ఏమై ఉంటుంది?' అని అడిగాను. వెనక బెంచీలోంచి ఒకడు లేచి, "ఎలక ఎత్తుకుపోయి ఉంటది సార్. మా అమ్మ కమ్మలు అట్లనే పోయినయి" అన్నాడు. నాలుగేళ్ళు ఏసీ గదుల్లో కూర్చుని కథా చర్చలు చేశాం, ఒక్కడికీ ఎలక తట్టలేదు.

సీరియల్: డబ్బు తొందరగా, నిద్ర ఆలస్యంగా

డైలీ సీరియల్ అంటే వారానికి అయిదారు ఎపిసోడ్లు. అరగంటలో ప్రకటనలు పోను ఇరవై నిమిషాలో, కాస్త పైనో మన సరుకు. కథ ఒకరిది, స్క్రీన్‌ప్లే ఇంకొకరిది, మాటలు మరొకరివి. కొత్తవాళ్ళకి ముందు దొరికేది మాటల దగ్గర సహాయకుడి పని, చాలాసార్లు టైటిల్స్‌లో పేరు లేకుండా. పైన చానెల్ వాళ్ళ ఫిక్షన్ టీమ్ ఉంటుంది, వాళ్ళు ఓకే అంటేనే ట్రాక్ ముందుకి కదులుతుంది.

'సొంత కథ చెబుతాను' అని బ్యాగులో ఫైలు పెట్టుకుని హైదరాబాద్‌లో సినిమా, టీవీ వాళ్ళుండే కృష్ణానగర్‌లో దిగేవాళ్ళకి ఒక మాట. తెలుగులో పెద్ద హిట్లలో చాలావాటి కథ వేరే భాషలోది. 2017 నుంచి 2023 దాకా స్టార్ మాలో వచ్చిన 'కార్తీక దీపం'కి మూలం మలయాళ సీరియల్. అయితే ఇందులో మన పని చిన్నదేమీ కాదు. అక్కడ తల్లి కూతురితో అన్న మాటని అక్షరం పొల్లుపోకుండా ఇక్కడ పెడితే అది దిష్టిబొమ్మలా నిలబడుతుంది. మన ఇళ్ళల్లో కోపం ఎలా వస్తుందో, ఎత్తిపొడుపు ఏ వరసలో నడుస్తుందో తెలిసినవాళ్ళకి సీరియల్‌లో పని ఎప్పుడూ ఉంటుంది. మీ మేనత్త మాట్లాడే తీరు మీరు అచ్చం దించగలరా? అయితే సగం ఉద్యోగం వచ్చినట్టే.

మిగతా సగం టెన్షన్. రాత్రి పదకొండు గంటలకి ఫోన్ వస్తుంది: రేపు ఫలానా ఆర్టిస్టు డేట్ లేదు, ఆవిడ లేకుండా నాలుగు సీన్లు మార్చి పొద్దున్న ఏడుకల్లా పంపండి. మా సీరియల్‌లో బామ్మ మూడుసార్లు కాశీకి వెళ్ళింది. భక్తితో కాదు, ఆవిడ వేరే సీరియల్‌లో కూడా బామ్మ.

ఈ పని నేర్పేది కూడా చెప్పాలి. రాయడానికి 'మూడ్' అక్కర్లేదని నాకు తెలిసింది అక్కడే. నాలుగు పాత్రలు ఒక గదిలో ఉంటే పేర్లు తీసేసినా ఎవరి మాట ఏదో తెలియాలి, ఆ చెవి కూడా అక్కడే వచ్చింది. ఈ పని పాడుచేసేది కూడా ఆ చెవినే. ఆ నాలుగేళ్ళలో రాసిన నా కథలు ఇప్పుడు తీసి చూస్తే, పాత్రలు ఊపిరి తీసుకోకుండా మాట్లాడుతూనే ఉంటాయి. మనసులో ఉన్నదంతా పైకి అనేస్తాయి. ఆ అలవాటు వదిలించుకోవడానికి రెండేళ్ళు పట్టింది.

డబ్బు ఎపిసోడ్‌కి ఇంత అని మాట్లాడుకుంటారు. చేతికి రావడానికి రెండు మూడు నెలలు మామూలు. ఒక నిర్మాణ సంస్థ దగ్గర నాకు నలభై రెండు ఎపిసోడ్ల డబ్బు రానేలేదు. సీరియల్ మధ్యలో ఆగిపోయింది, ఆఫీసు ఖాళీ చేశారు. అడగడానికి నా దగ్గర ఒక్క కాగితం లేదు, అంతా నోటిమాటే. అందుకని ఇది మాత్రం గట్టిగా చెబుతాను: ఒప్పందం రాతలో లేకుండా మొదటి సీన్ కూడా ఇవ్వకండి.

మన కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉంటేనే చెల్లుతుంది. ఎంతకాలానికో కాగితంలో రాయకపోతే అయిదేళ్ళకే ఇచ్చినట్టు. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికి మాత్రమే. వాళ్ళిచ్చే కాగితంలో 'శాశ్వతంగా, ప్రపంచమంతటా, అన్ని మాధ్యమాల్లో' అని ఉంటుంది. కొత్తవాళ్ళకి అది మార్పించుకునే బలం ఉండదు, నిజమే. కనీసం టైటిల్‌లో పేరు, ఎపిసోడ్ రేటు, ఎన్ని రోజుల్లో చెల్లిస్తారు, మధ్యలో ఆపేస్తే రాసిన ఎపిసోడ్లకి ఎంత, ఈ నాలుగూ రాయించుకోండి. అన్నట్టు, ఇచ్చే డబ్బులో సాధారణంగా పది శాతం టీడీఎస్ (ముందే కోసే ఆదాయపు పన్ను) పట్టుకుంటారు. ఆదాయం తక్కువగా ఉన్న ఏడాది రిటర్న్ వేస్తే అది వెనక్కి వస్తుంది. మాలో సగం మంది ఏళ్ళ తరబడి వదిలేశారు.

కథ: బతికించదు

ఆదివారం అనుబంధాలున్నాయి. స్వాతి ఉంది. నెట్‌లో ఈమాట, సారంగ ఉన్నాయి. చతుర, విపుల లాంటివి కరోనా కాలంలో ఆగిపోయాక పెద్ద కథకి చోటు బాగా తగ్గిపోయింది. అచ్చు పత్రికలో కథ పడితే వచ్చే పారితోషికంతో ఇంటిల్లిపాదీ ఒకపూట హోటల్లో తినొచ్చు, బిర్యానీ జోలికి పోకపోతే. పోటీల్లో బహుమతి కాస్త పెద్దది. ఉగాదికి, సంక్రాంతికి పత్రికలు పెట్టేవి, హ్యూస్టన్‌లోని వంగూరి ఫౌండేషన్ ఉగాదికి పెట్టే పోటీ లాంటివి చాలా ఉన్నాయి. ఒకే కథని రెండు పోటీలకి పంపకండి. చిన్న లోకం ఇది, న్యాయనిర్ణేతలు ఒకరికొకరు స్నేహితులు.

సంపుటి వెయ్యాలంటే చాలామందికి సొంత డబ్బే. అయిదు వందల కాపీలు వేసి, నూరు కాపీలు సంతకం పెట్టి పంచి, మిగతావి డిసెంబరులో హైదరాబాద్ బుక్ ఫెయిర్‌లో స్నేహితుడి స్టాల్ మూల పెట్టడం మామూలు తంతు. గుర్తింపు మాట వేరు. 1990 నుంచి కథాసాహితి వాళ్ళు ఏటా వేస్తున్న సంకలనంలో మీ కథ పడిందంటే కథ తెలిసినవాళ్ళందరి కళ్ళూ దానిమీద పడతాయి. కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం 35 ఏళ్ళ లోపువాళ్ళకి, 50 వేలు. అసలు పురస్కారమే లక్ష రూపాయలు. జీవితమంతా రాసి లక్ష. లెక్క మీరే వేసుకోండి.

మరి ఎందుకు రాయమంటున్నాను? మీ పేరు మీ చేతిలో ఉండేది ఇక్కడే. నేను రాసిన వందల ఎపిసోడ్లలో ఏది నాదో ఇప్పుడు నాకే తెలీదు. కథలు మాత్రం శ్రీకాకుళంలో తెలుగు కథల లైబ్రరీ కథానిలయం బీరువాల్లో నా పేరుతో ఉన్నాయి. ఇంకో లాభం ఎవరూ చెప్పరు: కథే మీ విజిటింగ్ కార్డు. నాకు టీవీ పని వచ్చింది ఒక దర్శకుడు బస్సులో నా కథ చదివి ఫోన్ చేయడం వల్ల. సిరిసిల్ల ప్రాంతంలో టీచరుగా ఉంటూ కథలు రాసిన పెద్దింటి అశోక్ కుమార్ 2019లో 'మల్లేశం' సినిమాకి మాటలు రాశారు. అక్కడి మాట ఆయన కథల్లో అప్పటికే ఉంది. కథ నుంచి తెరకి దారి బాగానే ఉంది. తెర నుంచి కథకి వెనక్కి రావడమే కష్టం, పైన చెప్పాను కదా.

ప్రతిలిపి లాంటి యాప్‌ల గురించి కూడా అడుగుతారు. అక్కడ నడిచేది ధారావాహికే. రోజూ భాగం పెట్టాలి, పాఠకుల్ని పట్టి ఉంచాలి. దాన్ని సీరియల్ లెక్కలో వేసుకోండి.

బడి: జీతం నెలనెలా, నోటిఫికేషన్ ఎప్పుడో

కథకులు బడిలో ఉండటం మనకి పాత అలవాటే. కారా మాస్టారు (కాళీపట్నం రామారావు) విశాఖలో మూడు దశాబ్దాలు లెక్కలు చెప్పారు. మధురాంతకం రాజారాం చిత్తూరు జిల్లా పల్లెల్లో పాఠాలు చెబుతూనే కథలు రాశారు, 1993లో ఆయనకి అకాడమీ పురస్కారం వచ్చింది. రెండేళ్ళకి కారాకీ వచ్చింది. మాస్టారు ఊళ్ళో అందరి ఇళ్ళల్లోకీ వెళ్ళగలడు, తల్లిదండ్రులు గోడు చెప్పుకుంటారు, పిల్లలు ఇంట్లో జరిగినవి దాచకుండా చెబుతారు. రచయితకి ఇంతకంటే ఏం కావాలి?

కావలసింది ఉద్యోగం రావడం! తెలంగాణలో 2017 నోటిఫికేషన్ తర్వాత పెద్ద ఎత్తున మళ్ళీ భర్తీ జరిగింది 2024లో, 11,062 పోస్టులకి. ఆంధ్రప్రదేశ్‌లో 2018 తర్వాత మెగా డీఎస్సీ 2025లో, 16,347 పోస్టులకి. రెండు చోట్లా ఏడేసి ఏళ్ళు. ఆ ఏడేళ్ళూ కోచింగ్ సెంటర్ పక్కన అద్దె గదిలో ఎదురుచూసినవాళ్ళని చూశాను. వాళ్ళలో రాయగలిగినవాళ్ళూ ఉన్నారు, రాయకుండానే ఏళ్ళు గడిపేశారు.

అర్హతల విషయంలో పొరబడేవాళ్ళు ఎక్కువ. బీటెక్ మీద నేరుగా తెలుగు మాస్టారు కాలేరు. డిగ్రీలో తెలుగు ప్రధాన పాఠ్యాంశంగా గానీ, ఎంఏ తెలుగు గానీ ఉండాలి. దానిమీద తెలుగు మెథడాలజీతో బీఈడీ లేదా పండిట్ శిక్షణ, ఆపైన టెట్. బీఈడీ ఇప్పుడు రెండేళ్ళు. టెట్ మార్కులకి డీఎస్సీలో 20 శాతం వెయిటేజీ. మంచి సంగతేంటంటే 2021 నుంచి టెట్ అర్హత జీవితాంతం చెల్లుతుంది. ఒకసారి పాసయ్యారంటే ఏడేళ్ళ తర్వాత వచ్చే నోటిఫికేషన్‌కి కూడా పనికొస్తుంది.

ప్రైవేటు వైపు చూస్తే, ఇంటర్ కాలేజీల్లో తెలుగు లెక్చరర్ బతుకు గాలిలో దీపం. మార్కులొస్తాయని పిల్లలు రెండో భాషగా సంస్కృతం తీసుకుంటారు, జూన్‌లో సెక్షన్లు లెక్కపెట్టాక మనకి క్లాసులు లేవంటారు. స్కూళ్ళు నయం. తెలంగాణలో 2018 చట్టం వచ్చాక సీబీఎస్‌ఈ, ఐసీఎస్‌ఈ బడుల్లో కూడా తెలుగు చెప్పాల్సిందే కాబట్టి అక్కడ మంచి తెలుగు టీచర్‌కి గిరాకీ ఉంది. పరిశోధన ఇష్టమైతే ముప్పై లోపు యూజీసీ నెట్ పరీక్ష రాసి జేఆర్ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) కొట్టండి. మొదటి రెండేళ్ళు నెలకి 37 వేలు ఫెలోషిప్ ఇచ్చి చదువుకోమంటారు. రాసేవాళ్ళకి అంతకంటే మంచి రెండేళ్ళు నాకు తెలిసి లేవు.

ఇక 'టీచర్‌కి బోలెడు ఖాళీ' అనే భ్రమ. పొద్దున్న పదో తరగతి స్పెషల్ క్లాసు, యాప్‌లో హాజరు, మధ్యాహ్న భోజనం లెక్క, సాయంత్రం దిద్దాల్సిన పేపర్లు, ఎన్నికలొస్తే ఆ డ్యూటీ. గొంతు పోయి ఇంటికొచ్చాక రాయడానికి మిగిలేది గంట. కానీ ఆ గంట మీది, దాని మీద ఎవరికీ రేటింగ్ రాదు. ఏప్రిల్ చివరి నుంచి జూన్ రెండో వారం దాకా సెలవులు. నా కథల్లో మూడొంతులు ఎండాకాలంలోనే రాశాను. అందుకే వాటిలో ఉక్కపోత ఎక్కువని మా ఆవిడ అంటుంది.

ఎవరికి ఏది

పది మంది మధ్య కూర్చుని మీ సీన్‌ని ముక్కలు చేస్తుంటే నవ్వుతూ వినగలరా? రాసింది రాత్రికి రాత్రి చెత్తబుట్టలో పడేసి మళ్ళీ రాయగలరా? అయితే సీరియల్. హైదరాబాద్‌లో ఆరునెలల అద్దె చేతిలో ఉండాలి. ఇంట్లో మీ మీద ఆధారపడినవాళ్ళుంటే మొదటి ఏడాది ఆ ధైర్యం చెయ్యొద్దు.

ఒక వాక్యం దగ్గర వారం ఆగిపోయేవాళ్ళు సీరియల్‌కి వెళ్ళి అవమానపడొద్దు. మీకు బడో బ్యాంకో, ఏదో ఒక జీతం కావాలి, కథ సాయంత్రాలకి.

పిల్లలంటే చిరాకున్నవాళ్ళు మాత్రం 'రాసుకోవడానికి టైమ్ దొరుకుతుంది' అని బడికి రాకండి. అలాంటి మాస్టారు చేతిలో నేను రెండేళ్ళు చదువుకున్నాను. ఆయన పద్యాలు బాగా రాసేవారని తర్వాత తెలిసింది. క్లాసులో మాకు తెలిసింది బెత్తం ఒక్కటే.

రెండు పడవల మీద కాళ్ళు పెట్టడం కుదురుతుందా అంటే, కథా బడీ కుదురుతాయి. సీరియలూ బడీ కుదరవు. ప్రభుత్వ ఉద్యోగి అప్పుడప్పుడూ కథ రాసుకోవడానికి మామూలుగా అడ్డుండదు. నెలనెలా పారితోషికం తీసుకుని సీరియల్ రాయాలంటే శాఖ అనుమతి కావాలి, మీ ప్రవర్తనా నియమాలు చదువుకోండి. అనుమతి వచ్చినా, రాత్రి పదకొండు ఫోనూ పొద్దున్న తొమ్మిది ప్రార్థన గంటా ఒక ఒంటికి పడవు.

వరస

డిగ్రీ తర్వాత రెండేళ్ళు బీఈడీ, ఆ చదువు నడుస్తుండగానే టెట్. అప్పటికి ఇరవై మూడు, ఇరవై నాలుగు. ఆ రెండేళ్ళలో కనీసం ఆరు కథలు రాసి పంపండి, రెండైనా అచ్చవుతాయి. వాటి కటింగ్‌లు పట్టుకుని సీరియల్‌కి వెళ్ళండి. మూడు నాలుగేళ్ళు ఉండండి. చెవి తయారవుతుంది, కాస్త డబ్బు చేతిలో ఉంటుంది, ఆ పని మీకు పడుతుందో లేదో తేలిపోతుంది. పడితే అక్కడే ఉండిపోండి. పడకపోతే తలుపు మూసుకుపోలేదు: కిందటి డీఎస్సీల్లో జనరల్ అభ్యర్థులకి వయసు పరిమితి తెలంగాణలో 46, ఆంధ్రలో 44. ఏడేళ్ళకోసారి వచ్చినా, ఈలోపు రెండు నోటిఫికేషన్లు మీ వయసులో పడతాయి.

తలకిందులుగా చేస్తే ఏమవుతుందో నా స్నేహితుణ్ణి చూశాను. నాకంటే బాగా రాసేవాడు. ముందు సీరియల్‌కి వెళ్ళాడు, బీఈడీ తర్వాత చూద్దామన్నాడు. పదేళ్ళ తర్వాత సీరియళ్ళు తగ్గాయి, అప్పటికి పెళ్ళి, ఇద్దరు పిల్లలు, రెండేళ్ళు కాలేజీలో కూర్చునే వెసులుబాటు లేదు. ఇప్పుడు ఒక ప్రైవేటు స్కూల్లో అర్హత లేని టీచర్‌గా సగం జీతానికి తెలుగు చెబుతున్నాడు. పోయిన నెల ఫోన్ చేసి, బీఈడీ అప్లికేషన్‌కి చివరి తేదీ ఎప్పుడో కనుక్కోమన్నాడు.